ఎవరి ప్రశ్న, ఎవరి మాట

(హనుమాన్ జంక్షన్‌లో మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)

 

మాస్టారు మాకు సమాజశాస్త్రం పాఠం చెప్పారు, దాంతోపాటు ఎదుటి మనిషి చెప్పేది ఓపిగ్గా వినడం నేర్పారు. అందుకని ఈ ఉపన్యాసానికి ఆయన మనసుకు దగ్గరైన అంశమే ఎంచుకున్నాను. ముందుగా రాసుకున్న ప్రశ్నలు లేకుండా, మనిషిని తన దారిన తనను మాట్లాడనిచ్చే పరిశోధన పద్ధతి ఒకటుంది. పుస్తకాల్లో నిర్మాణరహిత ఇంటర్వ్యూ అంటారు. దీనికి అయిదు ప్రయోజనాలు, అయిదు లోపాలు రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి. కానీ ఊళ్ళో తిరిగినవాడికి ఆ రెండు పట్టికలూ వేరువేరుగా కనపడవు. ఏ గుణం వల్ల ఈ పద్ధతి పనికొస్తుందో ఆ గుణంలోనే దాని ప్రమాదమూ ఉంది. చెప్పేవాడి చేతికి పగ్గాలిస్తాం కాబట్టి మనం ఊహించని సంగతులు బయటికొస్తాయి. ఆ సంగతులను ఏరుకుని, పేర్చి, పుస్తకంగా వేసే పగ్గాలు మాత్రం మన దగ్గరే ఉండిపోతాయి. ఈ మాట ఎక్కువగా మన ఊళ్ళ ఉదాహరణలతోనే చెప్తాను.

మనం కూర్చున్న చోటు ఇలాంటి చదువుకు మంచి చోటు. ఇక్కణ్ణుంచి నూజివీడు రోడ్డు పడితే మెట్ట, మామిడి తోటలు. గుడివాడ వైపు దిగితే కాలువలు, వరి. ఇంకా తూర్పుగా పోతే కొల్లేరు, చేపల చెరువులు. ఒక్క పూట ప్రయాణంలో నేల మారుతుంది, కౌలు తీరు మారుతుంది, కూలి తీరు మారుతుంది. ఈ డెల్టా ఊళ్ళను లెక్కగట్టి చూసిన పని కొత్తదేమీ కాదు. ఎన్.జి. రంగా గారు డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద రాసిన ఇంగ్లీషు పుస్తకం 1926లో బెజవాడలోనే అచ్చయింది. 1974లో పుచ్చలపల్లి సుందరయ్య గారు గుంటూరు జిల్లా అనంతవరంలో భూమి ఎవరి చేతిలో ఎంత ఉందో సర్వే చేశారు. 2005-06లో ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ వాళ్ళు అదే ఊరికి వెళ్ళి మళ్ళీ ఇంటింటి లెక్క తీశారు. ఇవన్నీ గొప్ప పనులు. లెక్క అక్కర్లేదని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు.

అయితే ఒక సంఘటన చెప్పాలి. మాస్టారు పిల్లల్ని ఊళ్ళోకి తీసుకెళ్ళేటప్పుడు మొదటి వారం కాగితం, కలం పట్టుకోనిచ్చేవారు కాదు. గుడివాడ రోడ్డు మీద ఒక ఊళ్ళో, సార్వా కోతలు అయిపోయిన రోజుల్లో, ఒక రైతుతో గట్టు మీద కూర్చున్నాం. అంతకు రెండు రోజుల ముందే వేరే సర్వే వాళ్ళు వచ్చి సొంత భూమి ఎంత, కౌలు భూమి ఎంత అని అడిగి వెళ్ళారట. ఆయన మూడెకరాలు, మనదేనండీ అని చెప్పాడు. ఫారంలో అలాగే ఎక్కింది.

మాస్టారు భూమి ఊసే ఎత్తలేదు. పంట ఎలా ఉందయ్యా అని అడిగారు.

"పంటకేమండీ, బానే పండింది. డబ్బులే చేతికి రాలా."

"అమ్మావా మరి?"

"అమ్మానండీ. ఆసామి ఖాతాలో పడ్డాయంట. ఆయనేమో అమ్మాయి పురుడుకని అమెరికా వెళ్ళాడు. వచ్చాక ఇస్తాడు లెండి."

ఈ ఒక్క మాటతో ఫారం మీది జవాబు పక్కకు పోయింది. అక్కణ్ణుంచి అంతా ఆయనే చెప్పుకుంటూ పోయాడు. మూడెకరాల్లో ఒక్క సెంటు కూడా ఆయనది కాదు. కౌలు నోటి మాట మీద నడుస్తోంది. పాస్‌బుక్ ఆసామిది, బ్యాంకులో పంట రుణం ఆసామిది, ధాన్యం అమ్మిన డబ్బు పడే ఖాతా ఆసామిది. తుపానుకు చేను పడిపోయినప్పుడు వచ్చిన పరిహారం కూడా ఆసామికే వెళ్ళింది. కౌలు కార్డు రాయించుకోవచ్చు కదా అని మాలో ఒకడు అడిగాడు. "కార్డు కావాలంటే ఆయన సంతకం పెట్టాలండీ. పెట్టమని అడిగితే వచ్చే ఏడు ఈ చేను నాకుండదు" అన్నాడు. గొంతులో కోపం లేదు, వానాకాలంలో వాన పడుతుందన్నంత మామూలుగా చెప్పాడు.

2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలుదారుకు 11 నెలల పత్రం ఇస్తారు. దానికి భూయజమాని ఒప్పుకోవాలి. చట్టం పుస్తకం చదివితే ఆ షరతు ఒక చిన్న నిబంధనగా కనపడుతుంది. గట్టు మీద ఆయన మాట వింటే ఆ షరతే మొత్తం చట్టమని తెలుస్తుంది. ఎందుకు కౌలు అని చెప్పుకోలేదో, ఎవరికి భయపడి చెప్పుకోలేదో ఫారం అడగలేదు, అడగలేదు కాబట్టి అతను చెప్పలేదు. జనం సర్వేలకు అబద్ధం చెప్తారని విసుక్కునే అధికారులను చూశాను. ఆ రైతు తన వచ్చే ఏటి తిండిని కాపాడుకున్నాడు. ఎదుటివాడు తన ఇరకాటం తనంతట తాను బయటపెట్టేవరకు కూర్చోగలగడమే ఈ పద్ధతికున్న మొదటి బలం.

ఇప్పుడు రెండో వైపు. ఆ రైతు చెప్పినదంతా నిజం. కానీ అలాంటివాళ్ళు ఆ ఊళ్ళో ఎందరు? జిల్లాలో ఎందరు? మేం పది మందితో మాట్లాడినా, ముప్ఫై మందితో మాట్లాడినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేం. జాతీయ నమూనా సర్వే 77వ విడతలో, 2018-19 లెక్క ప్రకారం, దేశంలోకెల్లా కౌలు కమతాల వాటా ఎక్కువున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని తేలింది. కమతాల్లో 42 శాతం దాకా కౌలువే. ఇంత దాపరికం మధ్యా ఆ లెక్క తీయగలిగిన వాళ్ళకు దణ్ణం పెట్టాలి. సంభాషణ ఒక్కటే చేతిలో పెట్టుకుని విధానం మాట్లాడబోతే బాగా మాట్లాడగలిగినవాడి కథే జిల్లా కథ అయిపోతుంది. మాట రానివాడు, పనికి పోయి ఇంట్లో లేనివాడు, వలస వెళ్ళినవాడు అందులోంచి జారిపోతారు. అందుచేత నా అభిప్రాయం ఇది: దేన్ని లెక్కపెట్టాలో సంభాషణ చెప్పాలి, అది ఎంతుందో సర్వే చెప్పాలి. మొదటిది చేయకుండా రెండోదానికి దిగడం మన దగ్గర అలవాటుగా మారింది, దాని ఖరీదు మన జిల్లాయే ఒకసారి కట్టింది.

2006 మార్చిలో కృష్ణా జిల్లాలో అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలు సుమారు 50 మూసివేయించారు. అంతవరకు పై నుంచి చూసినవాళ్ళకు ఆ రంగం ఒక విజయగాథ. పేద ఆడవాళ్ళు అప్పు తీసుకుంటున్నారు, వారం వారం కడుతున్నారు, వసూళ్ళు నూటికి 95కు పైనే. అంకెలో తప్పు లేదు. కట్టడం నిజం, ఎలా కడుతున్నారన్నది ఎవరి ఫారంలోనూ లేదు. ఒక సంస్థ వాయిదాకు ఇంకో సంస్థలో తీసుకోవడం, దానికి ఊళ్ళో వడ్డీకి తెచ్చుకోవడం, ఒకామె కట్టలేకపోతే గ్రూపులోని మిగతావాళ్ళు వచ్చి ఆమె గుమ్మంలో కూర్చోవడం. ఇవన్నీ బోరింగు దగ్గర బిందె పెట్టుకుని నిలబడ్డ ఏ ఇల్లాలినడిగినా చెప్పేది. అడిగినవాళ్ళు తక్కువ. 2010లో రాష్ట్రమంతటికీ సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చేవరకు ఆ కథ పూర్తి కాలేదు.

బయటి ప్రపంచంలో ఈ పద్ధతి ఎలా పుట్టుకొచ్చిందో కాస్త చెప్పాలి. అమెరికాలో షికాగో పక్కన హాథార్న్ అనే చోట వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. 1928-30 మధ్య అక్కడ సుమారు 21 వేల మంది పనివాళ్ళను ఇంటర్వ్యూ చేశారు. మొదట్లో ప్రశ్నలు రాసుకుని వెళ్ళారు. పనివాళ్ళు ఆ ప్రశ్న వదిలేసి తమకు తోచింది మాట్లాడేవారు. చివరికి ప్రశ్నలనే వదిలేశారు, అరగంట ఇంటర్వ్యూ గంటకు, గంటన్నరకు పెరిగింది. పనివాళ్ళ మనసులో ఏముందో అప్పుడు తెలిసింది. తర్వాత జరిగిందే మనం గుర్తుంచుకోవాలి. 1936 నుంచి ఆ కంపెనీ వినడానికే మనుషుల్ని పెట్టింది. పనివాడి గోడు సానుభూతితో వింటారు, గోడుకు కారణమైనదాన్ని మార్చే అధికారం మాత్రం వినేవాడికి ఉండదు. కడుపులోది కక్కేస్తే మనిషి నెమ్మదిస్తాడు, మర్నాడు అదే పనికి వస్తాడు. వినడం మంచి గుణమే, కానీ యజమాని చేతిలో పడ్డప్పుడు అది పనివాణ్ణి జోకొట్టే సాధనం కూడా అయింది. ఫోకస్ గ్రూపుల పేరుతో ఊళ్ళలోకి వచ్చే సంస్థలను చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే మెదులుతుంది.

మన భాషలో ఈ పద్ధతి శిఖరమెక్కిన పుస్తకం నా దృష్టిలో 'మనకు తెలియని మన చరిత్ర'. స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల బృందం దాన్ని 1986లో వేసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు వాళ్ళ నోటితోనే అందులో ఉన్నాయి. చాకలి అయిలమ్మ, మల్లు స్వరాజ్యం, మన కృష్ణా జిల్లా నుంచి మోటూరి ఉదయం, కొండపల్లి కోటేశ్వరమ్మ. ఆ పోరాటం మీద అప్పటికే నాయకులు రాసిన పుస్తకాలున్నాయి. ఏ దళం, ఏ దాడి, ఏ తీర్మానం అన్నీ వాటిలో ఉన్నాయి. ఈ స్త్రీలను ఆ ప్రశ్నలే అడిగి ఉంటే ఆ పుస్తకాలకు చివర ఒక అనుబంధం తయారయ్యేది. వాళ్ళను బతుకంతా చెప్పనిచ్చారు. అప్పుడు వేరే చరిత్ర వచ్చింది. దళంలో ఉండగా పుట్టిన బిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి, రహస్య జీవితంలో వంట ఎవరు చేశారన్న సంగతి, పోరాటం విరమించాక ఇళ్ళకు పొమ్మంటే ఏ ఇంటికి పోవాలో తెలియని ఆడవాళ్ళు. వీటిని ముందే ఊహించి ప్రశ్నగా రాయగలిగినవాళ్ళు అప్పటికి లేరు. ఆ పుస్తకం తర్వాతే అవి ప్రశ్నలయ్యాయి.

జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మాలి అని ఇక్కడే ఎవరైనా అడుగుతారు. అడగాలి. ముప్ఫై, నలభై ఏళ్ళ తర్వాత చెప్పేటప్పుడు తేదీలు కలగలిసిపోతాయి, తర్వాత నేర్చుకున్న మాటలు అప్పటి నోట్లోకి వస్తాయి. ఇటలీలో తెర్ని అనే ఉక్కు పట్టణంలో 1949లో ఒక ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపితే లుయీజీ త్రస్తుల్లి అనే యువ కార్మికుడు చనిపోయాడు. పోర్తెల్లి అనే పరిశోధకుడు పాతికేళ్ళ తర్వాత ఆ ఊరివాళ్ళతో మాట్లాడితే చాలామంది ఆ చావును 1953కు జరిపి చెప్పారు. ఆ ఏడు ఫ్యాక్టరీలో వేల మంది ఉద్యోగాలు పోయాయి, ఊరు వీధుల్లోకి వచ్చింది. తమ మనిషి చావు అంత పెద్ద పోరాటంలో జరగకుండా ఒక చిన్న ఊరేగింపులో జరిగిపోయిందన్న సంగతి ఊరు జీర్ణించుకోలేకపోయింది. ఆ పొరపాటు ఆ ఊరి మనసు గురించి చెప్పేది ఏ రికార్డూ చెప్పదు. అయితే అది పొరపాటని పోర్తెల్లికి ఎలా తెలిసింది? రికార్డులు చూశాడు కాబట్టి. కాగితం చూడకుండా జ్ఞాపకాన్ని పూజించడం కూడా పరిశోధన కాదు.

వయసు, జ్ఞాపకం సంగతి అలా ఉంచండి. మన ఊళ్ళలో అంతకంటే పెద్ద అడ్డం ఇంకొకటుంది. ఇంటర్వ్యూ మనం మొదలుపెట్టం, ఊరు మొదలుపెడుతుంది. మీదే ఊరు బాబూ, ఎవరి తాలూకు, ఇంటిపేరేంటి? మూడో ప్రశ్నకల్లా మన కులం వాళ్ళకు తెలిసిపోతుంది. ఆ తర్వాత వచ్చే జవాబులన్నీ ఆ కులానికి చెప్పే జవాబులే. ఏ ఇంట్లో మొదట టీ తాగామో, ఎవరి బండి మీద ఊళ్ళో దిగామో పేట పేటకూ తెలుస్తుంది. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల ఊచకోతలు చూసిన ప్రాంతమిది. పెద్ద రైతు అరుగు మీద కూర్చుని కూలి రేట్ల గురించి మాట్లాడి, అక్కణ్ణుంచి లేచి మాదిగపేటకు వెళ్ళి అదే ప్రశ్న అడిగితే అక్కడ వినపడేది అరుగుకు తిరిగి చేరినా ఫర్వాలేదనుకున్న మాటే. ప్రశ్నాపత్రానికి ఈ జబ్బు లేదని కాదు. స్వేచ్ఛగా మాట్లాడారన్న నమ్మకంతో మనం ఏమరుపాటుగా ఉంటాం కాబట్టి ఇక్కడ ప్రమాదం ఎక్కువ.

దీనికి ఉపాయం పూర్తిగా లేదు. ఎక్కువ రోజులు ఉండటం కొంత ఉపాయం. క్లారిండా స్టిల్ అనే పరిశోధకురాలు గుంటూరు జిల్లాలో ఒక దళితవాడలో చాలాకాలం ఉండి చేసిన పని 2014లో పుస్తకంగా వచ్చింది. కాస్త కుదురుకున్న మాదిగ కుటుంబాలు పరువు కోసం ఆడవాళ్ళను కూలికి పంపడం ఎలా మానుకుంటున్నాయో ఆమె అందులో చూపించారు. జనాభా లెక్కల్లో ఆ స్త్రీ పని చేయనిదిగా పడుతుంది. పని మానడం ఆమెకు గౌరవమా, కట్టడా, రెండూనా అన్నది ఒక మధ్యాహ్నం కబుర్లలో తేలేది కాదు. అత్తగారు పక్కనుంటే ఒక మాట, భర్త ఉంటే ఒక మాట, ఎవరూ లేనప్పుడు ఒక మాట. మూడూ ఆమె మాటలే. ఇందులో ఎవరూ లేనప్పుడు చెప్పిందే అసలు నిజమని తీర్మానించే తొందర మనకు వద్దు.

వాళ్ళు మనల్ని అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలా అన్నది ఇంకో చిక్కు. పాత పుస్తకాలు తప్పించుకోమన్నాయి. బ్రిటన్‌లో గర్భిణులతో మాట్లాడిన పరిశోధకురాలు ఆన్ ఓక్లీ 1981లో దాన్ని గట్టిగా కాదన్నారు. పురుటి భయంతో ఒక స్త్రీ ఏదో అడిగితే నా అభిప్రాయం చెప్పకూడదని మొహం తిప్పుకోవడం శాస్త్రం కాదని ఆమె వాదన. నేను ఆమె పక్షమే. మనం వాళ్ళ బతుకంతా అడగొచ్చు, వాళ్ళు మన జీతం అడిగితే తప్పా?

ఇక హాని సంగతి. దీని గురించి మన విశ్వవిద్యాలయాల్లో తగినంత మాట్లాడుకోవడం లేదు. ప్రశ్నాపత్రం జవాబు అంకెల్లో కలిసిపోతుంది, మనిషి కనపడడు. సంభాషణలో మనిషి మొత్తం కనపడతాడు. పేరు మార్చి రాశామంటాం. మూడు వందల గడప ఉన్న ఊళ్ళో, ఆసామి కూతురు అమెరికాలో ఉన్న కౌలు రైతు ఎవరో పుస్తకం చూడగానే ఊరికి తెలిసిపోతుంది. అందుకే ఇందాక నేను చెప్పిన సంఘటనలో ఊరు, ఎకరాలు, కుటుంబ వివరాలు మార్చి చెప్పాను. విదేశీ సంస్థలు అంగీకార పత్రం మీద సంతకం తెమ్మంటాయి. మన దగ్గర సంతకం అంటే అప్పు, సంతకం అంటే భూమి పోవడం. కాగితం చాపగానే అంతసేపూ మాట్లాడిన మనిషి బిగుసుకుపోతాడు. అంగీకారం అడగాలి, తప్పకుండా అడగాలి. నోటితో అడగండి, ఒక్కసారి కాదు, ఆ మాట రాసేటప్పుడు మళ్ళీ వెళ్ళి అడగండి.

మాస్టారి నోటు పుస్తకాల గురించి చెప్పి ముగిస్తాను. కుడి పేజీలో అవతలివాళ్ళు చెప్పింది, వీలైనంత వాళ్ళ మాటల్లోనే. ఎడమ పేజీలో తను ఎక్కడ కూర్చున్నాడు, పక్కన ఎవరున్నారు, ఎవరు రాగానే మాట మారింది, తను ఏమన్న తర్వాత ఈ సంగతి వచ్చింది. ఎడమ పేజీ లేని కుడి పేజీని ఆయన చదవనిచ్చేవారు కాదు. ఆ రెండు పేజీలూ ఉంటే మరో పరిశోధకుడు తప్పు పట్టుకోగలడు. నిర్మాణరహిత ఇంటర్వ్యూను ఎవరూ సరిచూడలేరన్న పాత విమర్శకు నాకు తెలిసిన మంచి జవాబు ఇదే. 1970లో అమెరికాలో సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ గారి గదికి దుండగులు నిప్పు పెడితే రాంపుర గ్రామం మీద ఆయన సిద్ధం చేసుకున్న నోట్సు కాలిపోయాయి. జ్ఞాపకం మీద ఆధారపడి ఆయన రాసిన పుస్తకం 1976లో వచ్చింది, గొప్ప పుస్తకం. అయినా అందరం శ్రీనివాస్‌లం కాదు. నోట్సు రాసుకోండి, రెండు ప్రతులు ఉంచుకోండి.

ఇక్కడి కళాశాలల్లో చదివే పిల్లలకు నాదొక కోరిక. రంగా గారి పుస్తకం వచ్చి వందేళ్ళవుతున్నా మన డెల్టా ఊళ్ళ మాట మన నోటితో పూర్తిగా నమోదు కాలేదు. మీ ఊళ్ళోనే మొదలుపెట్టండి, కానీ మీ పేటలో కాదు. ముందు మాటలు వినండి, విన్నదాని నుంచి ప్రశ్నాపత్రం తయారుచేసుకోండి, అప్పుడు ఇంటింటికీ వెళ్ళండి. ధాన్యం డబ్బులు అందీ అందని వారాల్లో వెళ్తే కౌలు సంగతి దానంతటదే వస్తుంది. రికార్డు చేసింది అచ్చుకు పంపే ముందు, చెప్పిన మనిషి దగ్గరికి పట్టుకెళ్ళి వినిపించండి. ఇది తీసెయ్యమంటే తీసెయ్యండి. మీ వ్యాసంలో అదే అన్నిటికన్నా మంచి వాక్యమైనా సరే.